గుర్రాలకు మేత

"కొత్త రవ్వ ప్యాకెట్ ఎవరు కత్తిరించారు?"

శనివారం ఉదయం ఏడున్నరకు రామభద్రరావు గొంతు వంటింట్లోంచి హాలు దాకా వినిపించింది.

"నేనే," అంది ఆయన భార్య సీతారత్నం, పోపులో కరివేపాకు వేస్తూ.

"పాత డబ్బాలో ఇంకా పావుకిలో ఉంది కదా! ముందొచ్చింది ముందు వాడాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"దాన్ని జల్లించి పురుగులు ఏరేదెవరు, మీరా? ముప్ఫై ఏళ్లుగా ఈ ఇంట్లో కొత్త రవ్వ రుచి ఎవరూ ఎరగరు. పాతది అయ్యేలోపు కొత్తది పాతబడిపోతుంది."

రామభద్రరావు సైన్యంలో రేషన్ విభాగంలో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాడు. నేరేడ్‌మెట్‌లోని ఈ ఇంట్లో ప్రతి డబ్బా మీదా కొన్న తేదీ రాసిన చీటీ ఆయనే అంటిస్తాడు.

హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు శ్రీలలితకు నవ్వొచ్చింది కానీ, నవ్వే తీరిక లేదు. పద్మారావు నగర్‌లోని ఒక చిన్న కంపెనీ వీడియో గేమ్ తయారుచేస్తోంది. పాతకాలపు కోటలు, రాజులు, దండయాత్రలు. అందులో సేనల మధ్య తూకం కుదర్చడం ఆమె ఉద్యోగం. అందరూ ఒకే దళంతో గెలిచేస్తే ఆటలో పస ఉండదు. ఆదివారం భోజనాల వేళకు ఆ తూకం కుదరకపోతే, ఇది మానేసి సోమవారం దుర్గేష్ మామయ్య చూసిన ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరతానని తండ్రికి మాటిచ్చింది.

ఫోన్ మోగింది. ఆటను పరీక్షించే నవాజ్.

"లలితా, మళ్ల గుర్రాలే! ఆడనీకి కూసున్న పదిమంది సుత గుర్రాలే తీస్కున్రు. పది నిమిషాలల్ల ఆట ఖతం."

"మొన్న వాటి బలం తగ్గించాను కదా?"

"అప్పుడు ఒక్కరు సుత ముట్టలే. మళ్ల పెంచినవ్, ఇప్పుడు అవే గెలుస్తున్నయ్. ఏందీ పరేషాన్!"

ఆమె ఫోన్ పెట్టగానే రామభద్రరావు ఉప్మా ప్లేటుతో వచ్చి కూర్చున్నాడు.

"గుర్రపు బొమ్మలు పట్టుకుని పదిమంది పెద్దవాళ్ల ఆటలు! సోమవారం వస్తావని దుర్గేష్‌కి చెప్పేయనా?"

"రేపటి దాకా గడువుంది నాన్నా."

"రేపైనా అవి బొమ్మలే కదా."

శ్రీలలితకు ఒళ్లు మండింది. "మీరు మాత్రం తుపాకీ పట్టి యుద్ధం చేశారా? బియ్యం, పప్పు కొలిచి ఇచ్చారు. దాన్ని చిల్లర కొట్టు పని అని మేమెప్పుడైనా అన్నామా?"

పెళ్లిళ్లలో చుట్టాలు "బోర్డర్‌లో ఏం చేశావురా?" అని అడిగితే తండ్రి మాట మార్చేవాడని ఆమెకు తెలుసు. తెలిసే అంది. ఆయన సగం తిన్న ప్లేటు బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్లిపోయాడు. సీతారత్నం కూతురి వైపు ఒక్కసారి చూసి స్టవ్ ఆపేసింది.

సాయంత్రం నాలుగింటికి ఆయనే రెండు టీ కప్పులతో వచ్చి, ఆమె వెనక నిలబడి తెర వైపు చూశాడు.

"ఆ గుర్రాలు ఏం తింటాయి?"

"ఏమీ తినవు నాన్నా. ఆట కదా."

"తినకుండా మూడు రోజుల దారి పరిగెత్తాయా?" ఆయన కుర్చీ లాక్కున్నాడు. "మనిషికి కావలసిన తిండికి ఎన్నో రెట్లు కావాలి గుర్రానికి. ఆ మేత మోయడానికి ఎద్దు కావాలి. ఆ ఎద్దూ తింటుంది. కోట నుంచి ఎంత దూరం పోతే, అంత తిండి దారిలోనే అయిపోతుంది. బలం తగ్గించకమ్మా. మేత పెట్టు."

శ్రీలలిత టీ మాట మరిచిపోయింది.

ఆదివారం ఉదయం, మేత లెక్క చేర్చిన ఆటను మొదట ఆడింది రామభద్రరావే. అరగంటలో ఆయన సేన మొత్తం దారిలోనే కూలిపోయింది.

"గోదాము నిండా ధాన్యం ఉంది. నా వాళ్లెలా చచ్చారు?"

"గోదాము తలుపు మీరు తీయలేదు నాన్నా."

"అది రిజర్వు! దాన్ని ముట్టుకోకూడదు."

"పాత గింజలు అయ్యాక తీద్దామనుకున్నారేమో," అంది సీతారత్నం వంటింట్లోంచి. శ్రీలలిత పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నిండుగా ఉన్న ఆ గోదాము బొమ్మ వైపు చాలాసేపు చూసి, లేచి పెరట్లోకి వెళ్లాడు.

పన్నెండింటికి నవాజ్ ఫోన్ చేశాడు. "పదిమంది పది తీర్ల ఆడుతున్రు! ఒకామె ఒక్క గుర్రం లేకుండ గెల్చింది. అంకుల్‌కి నా సలాం చెప్పు."

భోజనాల దగ్గర శ్రీలలిత కంచంలో అన్నం కెలుకుతూ, "నాన్నా, నిన్న నేనన్న మాట..." అంది.

"ఉన్నమాటే అన్నావు. కొలిచే ఇచ్చాను. నేనున్నన్నాళ్లూ ఒక్కడూ ఖాళీ కడుపుతో కాపలా కాయలేదు." ఆయన పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు. "ఇందాక దుర్గేష్‌కి ఫోన్ చేశాను. మా అమ్మాయి రాదు, దాని ఉద్యోగం దానికుందని చెప్పాను."

శ్రీలలిత కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకుని ముద్ద కలుపుకుంది.

"ఇంకో సంగతి," అన్నాడాయన, భార్య వైపు చూడకుండా. "రేపు కూడా కొత్త రవ్వతోనే ఉప్మా చెయ్యి."

సీతారత్నం చేతిలో గరిటె ఆగింది. "మరి పాతది?"

"పావురాలకు వేసేశాను."

కిటికీలోంచి చూస్తే పెరటి గోడ మీద కడిగి బోర్లించిన డబ్బా ఆరుతోంది. దాని మీది చీటీ లేదు. సీతారత్నం ఆయన అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది.