చేవెళ్ళలో మారిన కార్డు

"రెండు నిమిషాలు లేటండి. సంతకం పెట్టలేను."

పోయిన నెల తాండూరు చెక్‌పాయింట్ దగ్గర, రొప్పుతూ సైకిల్ దిగిన నవనీతతో రవికిరణ్ అన్న మొదటి మాట అది.

"రెండు నిమిషాలకు ఏమైతది సార్? నూరు కిలోమీటర్లు తొక్కుకుంట వచ్చిన!"

"నిజమేనండి. మంచినీళ్ళు తాగండి. సంతకం మాత్రం కుదరదండి."

ఇంత మర్యాదగా కడుపు మండించే మనిషిని నవనీత అంతవరకూ చూడలేదు. ఆ రోజు సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని బోరబండలో ఇల్లు చేరితే, ఆఫీసు క్యాబ్ నడిపే నాన్న పెంటయ్య "నేను చెప్పలే?" అన్నట్టు చూసి ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఈసారి పూర్తి చేయకపోతే సైకిల్ అమ్మేస్తానని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఆ సైకిల్ క్లబ్బు రైడ్ పద్ధతి సులువే, తొక్కడమే కష్టం. పొద్దున ఆరింటికి కోకాపేటలో బయల్దేరి, తాండూరు వెళ్ళి, రాత్రి ఏడున్నరలోగా తిరిగి రావాలి. మొత్తం రెండు వందల కిలోమీటర్లు. దారిలో ప్రతి చెక్‌పాయింట్‌లో కార్డు మీద సంతకం చేయించుకోవాలి. ఆ కార్డు చివర్లో స్వయంగా ఇవ్వకపోతే తొక్కినా తొక్కనట్టే. మధ్యలో ఏ బండి ఎక్కినా అంతే సంగతులు.

ఇవాళ తెల్లవారుజామున కోకాపేటలో చూస్తే అదే మనిషి, హెల్మెట్ పెట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏంది సార్, ఇయ్యాల సంతకాల డ్యూటీ లేదా?"

"లేదండి, నేనూ తొక్కుతున్నా. మీ వెనకాలే రావచ్చా? ఎదురుగాలి తగ్గుతుంది."

"రూల్ ఒప్పుకుంటదా?"

"ఒప్పుకుంటుందండి. పదకొండో పేజీ."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

వికారాబాద్ అడవి దగ్గర మొదలైన వాన ఇక వదల్లేదు. చినుకులు, జల్లు, కుండపోత, మళ్ళీ చినుకులు. వానకైనా అలుపు వచ్చిందేమో గానీ, వాళ్ళ మాటలకు రాలేదు.

"మీ ఆఫీసుల అందరు గిట్లనే ఉంటరా, రూల్ రూల్ అనుకుంట?"

"నా ఉద్యోగమే అదండి. మాదాపూర్‌లో, కంప్లయన్స్ టీమ్. మరి మీరు?"

"పక్క బిల్డింగే. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టుడు నా పని."

"అందుకేనా, పొద్దున్నుంచీ నన్ను అలా చూస్తున్నారు?"

"ఎట్ల చూస్తున్న?"

"చెబితే మీరు స్పీడు పెంచుతారండి."

చెప్పకముందే పెంచేసింది. వాన మొహాన కొడుతుంటే హాయిగా ఉంది. తాండూరులో గంట ముందే సంతకం పడింది. కోపం ఏ కిలోమీటరు దగ్గర జారిపోయిందో చూసుకోలేదు.

సాయంత్రం ఐదింటికి చేవెళ్ళ. ఆఖరి చెక్‌పాయింట్ అంజమ్మ టీ కొట్టు. అంజమ్మ రెండు కార్డుల మీదా సంతకం గీకి, తడి ఆరాలని పొయ్యి పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టింది. చాయ్ అందిస్తూ అడిగింది.

"మొగడు పెండ్లాలా బిడ్డా?"

"కాదు!" అంది నవనీత.

"కాదండి," అన్నాడు రవికిరణ్, కాస్త ఆలోచించి. ఆ ఆలోచన చూసి అంజమ్మ ముసిముసిగా నవ్వింది.

"నవనీతగారూ, మీతో ఒక మాట..."

నవనీత చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. ఇంకో నిమిషం కూర్చుంటే ఇక ఇవాళ లేవలేనని అర్థమైంది. పైన ఉన్న కార్డు లాక్కుని జేబులో కుక్కుకుంది.

"ముందు రైడ్ కానియ్యుండ్రి సార్, మాటలు తర్వాత!" అని సైకిలెక్కి, వెనక్కి చూడకుండా తొక్కింది.

కోకాపేట చేరేసరికి ఏడు దాటి రెండు నిమిషాలు. ఎత్తైన భవనాల దీపాలన్నీ తడి రోడ్డు మీద పరుచుకుని ఉన్నాయి. క్లబ్బు నడిపే రిటైర్డ్ ఇంజినీరు విశ్వేశ్వరరావు గొడుగు కింద కూర్చున్నాడు. నవనీత గర్వంగా కార్డు చాపింది.

ఆయన తెరిచి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "అమ్మా, ఇది రవికిరణ్ కార్డు."

నవనీత కార్డు లాక్కుని చూసింది. ఊళ్ళో వాళ్ళందరి తప్పులూ పట్టడమే పనిగా ఉన్న తను, చేతిలో కార్డు మీద పేరు చూసుకోలేదు!

"సార్, నేను తొక్కిన. మీరే చూసిండ్రు కద!"

"చూశాను తల్లీ. ఏడున్నరలోగా నీ కార్డు నీ చేత్తో ఇస్తేనే లెక్క."

ఫోన్ చేసింది. రవికిరణ్‌ది స్విచాఫ్. ఏడుం పావు. ఏడూ ఇరవై. వచ్చే ప్రతి సైకిల్ లైటూ అతనిదే అనిపించడం, ఎవరో కావడం. ఏడ్వకూడదని పళ్ళు బిగబట్టి నిలబడింది.

ఏడూ ఇరవై నాలుగుకి ఒక ఆటో కీచుమంటూ ఆగింది. అందులోంచి ముందు సైకిల్ చక్రం, ఆ వెనక నిలువునా తడిసిన రవికిరణ్ దిగారు. షర్టు లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.

"మీదండి. మీరే ఇవ్వాలి. త్వరగా!"

నవనీత ఇచ్చింది. విశ్వేశ్వరరావు టైము రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి తిరిగి ఇచ్చాడు. ఆమె రైడ్ పూర్తయింది.

"నా పేరు కొట్టేయండి సార్," అన్నాడు రవికిరణ్. "మొయినాబాద్‌లో పంక్చరైంది. ట్యూబు తీయబోతే ఈవిడ కార్డు కనబడింది. ఫోనులో నీళ్ళు పోయాయి. ఆటో ఎక్కేశాను."

"ట్యూబు మార్చుకుని గట్టిగా తొక్కితే నువ్వూ అందుకునేవాడివేమో కదయ్యా?"

"నా వరకైతే ఆ 'ఏమో' చాలు సార్. ఆవిడకి చాలదు."

ఆటో డ్రైవర్ మహేందర్ తల బయటపెట్టాడు. "ఆమెది, ఆమెది అనుకుంట దారంత ఒకటే పరేషాన్ మేడమ్! జాగ రిజిస్ట్రేషన్ కాయితమేమో అనుకున్న."

నవనీతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎందుకంటే, ఈ మనిషి ఒక్క నిమిషం కూడా ఎవరికీ వదలడని ఆమెకు తెలుసు. అలాంటివాడు పదమూడు గంటల తన కష్టాన్ని ఆమె కోసం వానలో వదిలేసి వచ్చాడు.

"ఎందుకు చేసిండ్రు గిట్ల?"

"పేర్ల లిస్టులో మీ పేరు చూశాకే నేను పేరిచ్చానండి. మీరు ఈ రైడ్ పూర్తి చేయడం చూద్దామని. మీరంటే నాకు చాలా ఇష్టం." ఒక్క గుక్కలో చెప్పేసి, సంతకం కోసం నిలబడ్డవాడిలా ఊపిరి బిగబట్టాడు.

అంతలో పెంటయ్య క్యాబ్ వచ్చి ఆగింది. కూతురి చేతిలో ముద్ర పడ్డ కార్డు చూశాడు. కళ్ళు మెరిశాయి గానీ, పక్కనున్న మనిషి మీదకు పోయాయి.

"గీయన ఎవరు బిడ్డా?"

నవనీత తల దించుకోలేదు. "రవికిరణ్ నాన్నా. ఆయన రైడ్ పోగొట్టుకొని నా కార్డు తెచ్చిండు. నాకు నచ్చిండు."

పెంటయ్య రవికిరణ్‌ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. పెంటయ్య మెల్లగా దిగి, డిక్కీలోంచి తువ్వాలు తీసి అతని భుజాన వేసి, ముందు తలుపు తెరిచాడు.

"ముందట కూసో బాబూ, ఏసీ బంద్ చేస్త. ఇంటికి పోయి బువ్వ తిన్నంక మాట్లాడుకుందం."