అత్తమ్మ పన్నులో సిమెంటు

సర్వపిండి కొరికిన కమల నమలడం ఆపింది. నోట్లోంచి తెల్లటి పెళ్ల తీసి పళ్లెం అంచున పెట్టింది. ఎండాకాలంలో కోడలు భవాని ఆమె దవడ పన్నులో నింపిన సిమెంటు అది.

భవాని మట్టెవాడలో పళ్ల డాక్టరు. పైన ఇల్లు, కింద క్లినిక్. టార్చి వేసి చూసింది. పన్ను నిలువునా చీలింది. తీసేయాల్సిందే.

"పక్క దుకాణం నర్సయ్యకు పెట్టింది రెండేండ్ల సంది గట్లనే ఉన్నది," అంది కమల. "ఆయన పైసలిచ్చిండు. నాది ఫుకట్ గదా. మిగిలింది పెట్టినవ్."

"అమ్మా, జర ఆగు," అన్నాడు కొడుకు అఖిల్.

"నువ్వాగురా. సొంత తల్లికైతే గిట్లనే పెడ్తుండెనా?"

సిమెంటు మంచిది రాలేదని భవాని అంటే సరిపోయేది. అఖిల్ కళ్లతో ఆ మాటే అనమన్నాడు.

"మిగిలింది కాదత్తమ్మా," అంది భవాని. "ఎక్కువ పెట్టిన."

ఆ సిమెంటు పొడిలో క్రిములను చంపే మందు కలిపితే నింపిన చోట పన్ను మళ్లీ పుచ్చదు. నూటికి ఒక పాలు కలిపితే బలం పెద్దగా తగ్గదు. మించితే సరిగా గట్టిపడదు, నమిలితే రాలుతుంది, ఆసరా పోయి పన్ను చీలుతుంది. భవాని చదివినదే. కానీ ఆ పన్ను అప్పటికే రెండుసార్లు పుచ్చింది, కమలకు షుగరు. ఈ ఇంటివాళ్లు నడిపే కిరాణా కొట్టులో మనవాళ్లకు తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేస్తారు. ఆ రోజు భవాని చెయ్యి కూడా అలాగే వంగింది.

"మనోళ్లని ఇంకింత ఏసిన. అదే పన్నును తిన్నది."

"మందును గూడ బెల్లం లెక్క ఏస్తరా బిడ్డా?" అన్నాడు మామ కిషన్ రావు. ఎవరూ నవ్వలేదు.

కమల పళ్లెం అంచున ఉన్న పెళ్లను వేలితో నొక్కి చూసింది.

"వారం సంది గుంజుతాంది," అంది. "చెప్తే నీ చెయ్యి మంచిగ లేదన్నట్టయితదని ఊకున్న."

"అప్పుడే చెప్తే పన్ను దక్కేది అత్తమ్మా."

"నువ్వు చెప్పలే, నేను చెప్పలే." కమల లేచింది. "పా, తియ్యి. గీసారి అత్తననుకోకు. బయటోళ్లకు చేసినట్టే చెయ్యి."

కమల కింద క్లినిక్ బయటి బెంచీ చివర కూర్చుంది. భవాని లోపలికి రమ్మంటే కదలలేదు.

"ముందొచ్చినోళ్లున్నరు. వాళ్లను చూడు."

భవాని అప్పటికే గ్లవ్స్ తొడుక్కుంది. కళ్లు తుడుచుకునే వీలు లేకపోయింది.