దిగువకు ఒక కబురు

దబ్... దబ్... దబ్!

తలుపు అదిరిపోతోంది.

ఇంజినీరు ఇనుప బీరువాని ఈడ్చి అడ్డం పెడుతుంది. చీర అంచు నుంచి వాన నీళ్లు కారుతున్నాయి. ఆయాసం ఆగడం లేదు.

బయట కెప్టెన్. డ్యామ్ సెక్యూరిటీ అంతా అతని చేతిలోనే ఉంది.

రిజర్వాయర్ నిండిపోయింది. కాసేపట్లో గేట్లన్నీ ఎత్తేస్తారు. ఎత్తకపోతే డ్యామే నిలవదు. అది ఆమెకీ తెలుసు.

కానీ ఆ నీళ్లన్నీ పోయేది సరిహద్దు అవతలికి. ఏటి ఒడ్డునే ఊరు!

ఆ ఊరికి చెప్పకూడదట. నీటిమట్టం ఎంతో పక్క దేశానికి చెప్పడం ఈ ఏడాది నుంచి దేశద్రోహం. ఒక్కసారి చెప్పనివ్వమని పైవాళ్లని మధ్యాహ్నం నుంచి కాళ్లావేళ్లా పడి బతిమాలింది. ఆర్డరంటే ఆర్డరన్నారు.

అందుకే తలుపుకి వేసిన సీలు పగలగొట్టి ఈ గదిలో దూరింది.

మూల హాట్‌లైన్ ఫోను. నిరుటి దాకా రోజూ సాయంత్రం ఇందులోనే రీడింగులు చెప్పేది. లైనుకి అవతల, పక్క దేశంలో, ఓ పెద్దాయన. మొహం ఎప్పుడూ చూడలేదు. అన్నీ రాసుకున్నాక, తిన్నావా అమ్మాయ్ అని అడిగేవాడు.

రిసీవర్ ఎత్తుతుంది.

గరగర... తర్వాత రింగు.

లైను బతికే ఉంది!

"బాబాయ్, నేనే. గేట్లు ఎత్తేస్తున్నారు. ఊరు ఖాళీ చేయించండి."

"ఆయన లేరు."

కొత్త గొంతు. పొడిగా ఉంది.

"మీతో మాట్లాడారని పట్టుకెళ్లారు. మీ వైపు నుంచి ఏం చెప్పినా నమ్మొద్దని మాకు ఆర్డర్."



ఇక్కడ చెప్పొద్దని. అక్కడ వినొద్దని.

బీరువా కదులుతోంది...

"నమ్మకండి. మీ ఇల్లు ఏటి పక్కనేనా?"

ఆమె రిసీవర్‌ని చెవికి అదుముకుంటుంది.

"ఇంట్లో ఎవరున్నారు?"



"మా ఆవిడ... నెలల పిల్ల."

"ముందు వాళ్లని మిట్టెక్కించండి. నాది అబద్ధమైతే కేసు తర్వాత పెట్టుకుందురుగాని."

బీరువా ధనాల్న కూలుతుంది. కెప్టెన్ చేతిలో పిస్టల్. ఫోను పెట్టెయ్యమంటాడు.

ఆమె పెట్టదు.

ఢాం!

ఫోను తునాతునకలు. ఆమె చేతిలో రిసీవర్, దానికి వేలాడుతున్న తీగ.

కాళ్ల కింద నేల వణుకుతోంది. గేట్లు లేస్తున్నాయి.

కెప్టెన్ ఆమె చేతులు వెనక్కి విరిచి బేడీలు వేస్తాడు. "అనవసరంగా బతుకు పాడు చేసుకున్నారు మేడమ్. మీ మాట అక్కడ ఎవరు విం..."

ఆగిపోతాడు.

లోయ అవతల, ఊరి వైపు నుంచి, వాన హోరులోంచి, సన్నగా...

సైరన్!

దాని వెనకే ఇంకొకటి.