వెనక సీటు

ఆదివారం పొద్దున బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోద్దామని విద్యావతి వాకిట్లోకి వచ్చేసరికి, కారు వెనక సీటు గోడకు ఆనించి ఉంది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

నాంపల్లి స్టేషన్ వెనక ఆ గల్లీలో సొంత కారున్న ఇల్లు వాళ్లదొక్కటే. కిషన్‌కు ఆబిడ్స్‌లో రేడియోల దుకాణం. రెండు తలుపుల నీలం రంగు హెరాల్డ్ కారు కొన్నప్పుడు కూతురు సులోచన ఇంకా ఒళ్లో పిల్ల. ఆ తర్వాత పెరిగిందంతా ఆ సీటు మీదే అన్నట్టుండేది. మోకాళ్ల మీద నిలబడి, వెనక అద్దంలోంచి రిక్షావాళ్లకు చేతులూపేది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం కొనిపెడితే సగం సీటుకు పూసేది. విద్యావతి కసురుకుంటూనే తడిగుడ్డతో తుడిచేది.

ఆరేళ్లు నిండకుండానే సులు జ్వరంతో పోయింది. ఆ రోజు విద్యావతి కాచిగూడలో పుట్టింట్లో ఉంది. చెల్లెలి పెళ్లి. పిల్లకు ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే, నేను చూసుకుంటాను నువ్వు పోయి రమ్మని అత్తగారు సౌభాగ్యమ్మే పంపింది. సాయంత్రానికి కబురొచ్చింది. దవాఖానలో పోయిందన్నారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. అడిగితే, నువ్వెందుకు పోయావని ఎక్కడంటారోనని భయం.

నెల తిరక్కుండానే కిషన్ ఆ కారు మీద పడ్డాడు. దుకాణం మూసి నేరుగా మెకానిక్ గట్టయ్య షెడ్డుకు పోయేవాడు. ఇంజను విప్పించాడు. ఇంకో కార్బరేటర్ పెట్టించాడు. సైలెన్సర్ మార్పించాక కారు గల్లీలో తిరిగిందంటే ఇంట్లో గిన్నెలు అదిరేవి. పందేలకు తయారు చేస్తున్నాడనుకున్నారు అందరూ. బిడ్డ పోయి ఏడాది కాలేదు, అప్పుడే ఈ షోకులేమిటని నల్లా దగ్గర ఒకావిడ అననే అంది. విద్యావతి విననట్టు బిందె ఎత్తుకుని వచ్చేసింది గానీ, ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఆయనకు మరిచిపోవడానికి ఒక వస్తువు దొరికింది, నాకదీ లేదు అనుకునేది.

ఇవాళ సీటు కూడా బయటపడింది.

కిషన్ కారు లోపల వంగి ఏవో మరలు విప్పుతున్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి దగ్గరికి వెళ్లింది.

“ఈ సీటెందుకు తీసిన్రు?”

“బరువు తగ్గుతదని. బరువు తగ్గితే ఇంకా జోరుగ పోతది.”

“బిడ్డ కూసున్న జాగ అది. మీకు బరువైందా?”

కిషన్ మరలు విప్పుతూనే ఉన్నాడు. అన్నాళ్లూ గొంతెత్తని విద్యావతి ఇక ఆగలేకపోయింది. నలుగురూ ఏమంటున్నారో చెప్పింది. పిల్ల గౌన్లు ఇంకా పెట్టెలో దాచుకుని తనొక్కతే ఏడుస్తున్నానని చెప్పింది. చివరికి మనసులో నలుగుతున్నది కూడా బయటికి వచ్చేసింది.

“నా మీద కోపముంటే నన్ననుండ్రి. పెండ్లికి పోయింది నేను. దాని జాగనెందుకు పారేస్తున్నరు?”

కిషన్ తల ఎత్తి, అర్థం కానట్టు ఆమె వంక చూశాడు.

“నీ మీద కోపమేంది విద్యా? నువ్వు గట్లెందుకనుకున్నవు?” అని, కారులోంచి బయటికి వచ్చాడు. “బిడ్డ దవాఖానల పోలేదు. తొవ్వలనే పోయింది. ఈ సీటు మీద మా అమ్మ ఒళ్లె పండుకున్నది. నాకు ముందటి అద్దంల కనపడుతనే ఉన్నది. జల్ది పోనీ నాయినా అని బిడ్డ అన్నది. నేను తొక్కుతనే ఉన్న. బండి అంతకన్న పోలె.”

విద్యావతి గోడకు ఆనించిన సీటు వంక చూసింది.

“ఇప్పుడు ఎంత జోరుగనన్న పోతది,” అన్నాడతను. “ఏం ఫాయిదా? అద్దంల చూస్తే ఖాళీ సీటే కనపడుతది. బరువని అబద్ధం చెప్పిన. చూడలేక తీసిన.”

గడప దగ్గర సౌభాగ్యమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. గంట ముందు తెచ్చినా బతకకపోయేదని డాక్టరే చెప్పాడని, వీడే ఆ మాట నమ్మడం లేదని చెప్పింది. దారిలో పోయిందని కోడలికి చెప్పొద్దన్నది కూడా తానేనని, వింటే తట్టుకోలేదనుకున్నానని చెప్పింది.

విద్యావతి అత్తగారి దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది.

“అత్తమ్మా, ఇంకేమన్నది? నన్ను అడిగిందా?”

“అడిగింది బిడ్డా. అమ్మ ఎప్పుడొస్తదన్నది. రేపొస్తదని వీడు చెప్పిండు. పెండ్లిల అమ్మ ఏ చీర కట్టుకున్నది, ఎర్రదా పచ్చదా అని అడిగింది. నాకు తెల్వకపాయె. ఎర్రదన్న. అయితే మంచిగున్నదన్నది. మళ్ల మాట్లాడలె.”

“పచ్చది అత్తమ్మా,” అంది విద్యావతి. “పచ్చది కట్టుకున్న.”

 అక్కడే గడప మీద కూచుండిపోయింది. సౌభాగ్యమ్మ కూడా కూచుని ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. కిషన్ వచ్చి పక్కన కూచున్నాడు. పిల్లను మట్టిలో పెట్టి వచ్చిన రోజు కూడా కన్నీరు పెట్టని మనిషి, గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంతకాలం, జల్ది పోనీ అన్న బిడ్డకు జవాబు చెప్పుకుంటూనే అతను ఆ ఇంజను విప్పించాడని విద్యావతికి అప్పుడు తెలిసింది. కొంగుతో అతని ముఖం తుడిచింది. మరక పోలేదు, ఇంకా పాకింది.

కాసేపటికి అతను లేచి, సీటు మళ్లీ బిగిస్తానన్నాడు.

“బిగిద్దురు గానీ, ఇప్పుడే వద్దు,” అంది ఆమె. సీటును నేల మీద వేయించి, అత్తగారినీ అతన్నీ చెరో పక్కన కూచోబెట్టుకుంది. “ఇంటి కాడ కారెక్కినప్పటి సంది చెప్పుండ్రి అత్తమ్మా. ఏదీ విడవకుండ్రి.”

సౌభాగ్యమ్మ కళ్లొత్తుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.