తెరలు మార్చే వేళ

"ఆ వేడినీళ్ళ ఊటలో దిగగానే మీకు కళ్ళు తిరిగితే ఎవరు పట్టుకుంటారండీ? నన్ను మగవాళ్ళ వైపు రానివ్వరాయె," అంది ఫుసాయె, సంచిలో మూడో బీపీ మాత్రల పట్టీ కుక్కుతూ.

"లోపల నాలాంటి ముసలాళ్ళు పదిమంది ఉంటారు. ఒకడు పడితే మిగతావాళ్ళు లేపుతారులే," అన్నాడు మసనొబు. పొయ్యి వైపు వేలు చూపించి, "పొయ్యి కట్టేశాం, సరే," అన్నాడు. కిటికీ వైపు చూపించి, "గడియ పెట్టాం, సరే," అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు నడిపిన మనిషి. ప్రతి సిగ్నలునీ వేలితో చూపించి పైకి చెప్పే అలవాటు రిటైరైనా పోలేదు.

ఫుసాయె అసలు భయం కళ్ళు తిరగడం గురించి కాదు. ఈ ప్రయాణం బజారు వీధి లాటరీలో తగిలిందని ఆయనకు చెప్పింది. అది తల్లీకూతుళ్ళు కలిసి ఆడిన అబద్ధం. వాళ్ళు వెళ్ళే విడిదిలోనే కూతురు చిహారు పనిచేస్తోంది. నగోయాలో ఆఫీసు ఉద్యోగం మానేసి, ఆ కొండ ఊళ్ళో స్నానాల తొట్లు తోమే పనిలో చేరిందని తెలిసినరోజు నుంచి తండ్రి కూతురితో మాట్లాడలేదు. రెండేళ్ళుగా ఇంట్లో ఫోన్ మోగితే, అవతల చిహారు గొంతు వినగానే రిసీవరు ఫుసాయె చేతికిచ్చి వెళ్ళిపోతాడు. ఏ ఊళ్ళో ఉందో కూడా తనకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. తండ్రి లేకుండా ఆ పెళ్ళి జరుగుతుందేమోనన్న దిగులుతో ఫుసాయెకి రెండు నెలలుగా అన్నం సయించడం లేదు.

రైల్లో కూర్చున్నంతసేపూ ఆమెకు చెడే తోచింది. ఆయన కూతుర్ని చూసి వెనక్కి తిరిగినట్టూ, కోపంలో చెక్క చెప్పులు జారి మెట్ల మీద పడ్డట్టూ, ఆ ఊళ్ళో ఎముకల డాక్టరే లేనట్టూ ఊహించుకుంది. ఆయన మాత్రం డబ్బాలోని అన్నం మెతుకు మిగల్చకుండా తిని, సొరంగాలు లెక్కపెట్టుకున్నాడు.

వాళ్ళు చేరిన సాయంత్రం చిహారుకి సెలవు, ఎదురుపడలేదు. ఆయన హాయిగా నీలితెర కట్టిన కుడివైపు మగవాళ్ళ గదిలో స్నానం చేసి, విడిది వాళ్ళిచ్చిన నీలిగీతల నూలు అంగీ తొడుక్కుని, ఆవిర్లు కక్కే వీధిలో భార్యను వెంటేసుకుని తిరిగాడు. వంతెన మీద నిలబడి ఇద్దరూ ఉడికించిన గుడ్లు తిన్నారు. "నీ ముఖం ఎర్రగా అయింది. పెళ్ళినాటిలా ఉన్నావు," అన్నాడు. ఫుసాయెకి సంతోషం కలిగింది, దాని వెనకే భయం కూడా వేసింది.

తెల్లవారి లేచేసరికి పక్కన పరుపు ఖాళీగా ఉంది. మునిగిపోయాడు అనుకుంది ముందు. అంగీ మీది నడుం పట్టీ సరిగ్గా కట్టుకోకుండానే మెట్లు దిగి పరుగెత్తింది.

స్నానాల గదుల ముందు మసనొబు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు అడ్డంగా రెండు చేతులూ చాపి, రబ్బరు బూట్లతో చిహారు నిలబడి ఉంది.

"నాన్నా, ఇది ఆడవాళ్ళది. పొద్దున్నే గదుల తెరలు అటూ ఇటూ మార్చేస్తాం. వచ్చినవాళ్ళు రెండు గదులూ చూడాలని."

లోపలినుంచి ఎవరో ముసలమ్మ, "రానివ్వమ్మా, ఈ వయసులో మాకేం భయం," అంది. గదంతా నవ్వులు.

"ఇన్నేళ్ళు సిగ్నళ్ళు చూసిన మనిషివి, కళ్ళముందున్న తెర చూసుకోలేదు. నువ్వు నిన్నటి దారినే వస్తావని నాకు తెలుసు. అందుకే ఐదింటినుంచీ ఇక్కడే కాపలా కాస్తున్నా," అంది చిహారు.

మసనొబు చెవులదాకా ఎర్రబడ్డాడు. పక్క గది దగ్గరికి నడిచి, నీలితెర వైపు వేలు చూపించి, "మగవాళ్ళు, సరే," అని లోపలికి పోయాడు. చిహారు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. తల్లిని చూడగానే ఆ నవ్వే ఏడుపైంది.

టిఫిన్ చిహారే గదికి తెచ్చింది. కాల్చిన చేప, పులుసు, అన్నం సర్దుతుంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఫుసాయె ఇక ఉండబట్టలేక చాప మీద చేతులానించి తల వంచింది.

"ఏమండీ, ఆ లాటరీ సంగతి..."

"మన వీధి లాటరీలో మొదటి బహుమతి బియ్యం బస్తా. బోర్డు మీద రాసుంది."

"తెలిసే వచ్చారా?"

ఆయన చేప ముల్లు తీస్తూ భార్యతోనే అన్నాడు. "దాన్నడుగు. ఉద్యోగం మానేటప్పుడు నన్నెందుకు అడగలేదో."

చిహారు పళ్ళెం కింద పెట్టింది. "అడిగితే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను మానేదాన్ని కాదు నాన్నా. నీ మాట దాటే ధైర్యం నాకెప్పుడూ లేదు. అందుకే అడగలేదు."

మసనొబు చేతిలోని ముల్లుని పళ్ళెం అంచున పెట్టాడు.

"తొట్లు తోమి చేతులు పగిలాయి, నిజమే. కానీ పొద్దున్నే ఆ నీళ్ళలో దిగి ముసలాళ్ళు 'అబ్బా' అంటారు చూడు, ఆ మాట వినడం నాకిష్టం. నేను చేసుకోబోయే అతను ఊటనీళ్ళ వేడి చూసే పని చేస్తాడు. పేరు కోహెయ్. నవంబరు రెండో ఆదివారం పెళ్ళి. వస్తావా?"

మసనొబు అన్నం తిన్నాడు. ముల్లంగి పచ్చడి తిన్నాడు. టీ పోసుకుని, తాగకుండా గిన్నె చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు లేచిపోతాడు, పొద్దుటి బండికే పోదాం అంటాడు, అనుకుంది ఫుసాయె. వరండాలో ఎవరో చెక్క చెప్పుల చప్పుడుతో వెళ్ళి తిరిగొచ్చారు. టీ చల్లారిపోయింది. ఆయన కళ్ళు మాత్రం మోకాళ్ళ మీద పెట్టుకున్న కూతురి చేతుల మీదనుంచి, ఎర్రగా పగిలిన ఆ వేళ్ళ మీదనుంచి కదల్లేదు.

చివరికి గొంతు సవరించుకుని, కూతురి ముఖంలోకి చూసి అన్నాడు.

"నవంబరులో ఈ కొండదారిలో పట్టాల మీద ఆకులు రాలి చక్రాలు జారతాయి, బండ్లు ఆలస్యం. మీ అమ్మా నేనూ ఒకరోజు ముందే వచ్చేస్తాం."