వెనక సీటు

మా ఆయనకు నా మాట వినపడదు. చెవుడు కాదు. రైల్వే వర్క్‌షాపులో ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య పనిచేసి చెవులు దెబ్బతిన్నాయని చెప్పుకుంటాడు గానీ, క్యాంటీన్‌లో సమోసాలు వేగుతుంటే వర్క్‌షాపులో ఇంకో మూలనున్నా ఆ చప్పుడు వినిపిస్తుంది అతనికి. నా మాట ఒక్కటే వినపడదు. నేను వద్దంటే సరే అన్నట్టు వినిపిస్తుంది. పెళ్లయిన నాటినుంచీ ఇదే వరస.

అందుకే ఆ అంబాసిడర్ సంగతి ఎత్తినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఏడాది చివర మా ఆయన ఉమాశంకర్ రిటైర్ అవుతాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మేముంటున్న రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వచ్చే డబ్బుతో ఈ బెంగాలీ ఊళ్లోనే, మలంచ పేటలో రెండు గదుల ఇల్లు కొందామనుకున్నాం. అనుకున్నది నేను, తలూపింది అతను. ఇప్పుడేమో గోల్‌బజార్ బట్టల కొట్టు గణపతిరావుగారి షెడ్డులో పాత తెల్ల అంబాసిడర్ పడి ఉందని, బాగుచేసి పూలు కడితే బెంగాలీ పెళ్లికొడుకులు అద్దెకు ఎగబడతారని పాట మొదలుపెట్టాడు. రెండూ కొనే స్తోమత మాకు లేదు. ఇల్లో, కారో తేలాలి. వారం రోజులు పోట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. కారు చూసి నేను సరే అంటేనే కొంటాడు. నేను వద్దంటే మలంచ ఇల్లే. వద్దనడానికే స్కూటరెక్కాను.

వైశాఖమాసం, ఆదివారం సాయంత్రం. పడమట మబ్బు నల్లగా లేస్తోంది. కాల్‌బైశాఖి గాలివాన వచ్చే ముందు ఉండే ఉక్క. ఆకు కదలడం లేదు.

గణపతిరావుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఆ మెత్తదనం నాకెప్పుడూ గిట్టదు. ఆయన భార్య రాజ్యలక్ష్మి అలా కాదు. బుగ్గన లవంగం పెట్టుకుని కొట్లో గల్లా దగ్గర కూర్చుంటే, బేరమాడే ఆవిడ గొంతు బజారు చివరికి వినపడేది. అందరి ముందూ మొగుడిని నిలదీసేది. అప్పట్లో ఆవిణ్ని చూస్తే నాకు ఈర్ష్యగా ఉండేది. కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం నుంచి మరి కనపడలేదు. అడిగిన వాళ్లందరికీ ఆయన ఒకటే మాట చెప్పేవారు. ఆ సాయంత్రం నేనడిగినా అదే చెప్పారు.

"వైజాగ్ వెళ్లిందమ్మా. బాగానే ఉంది."

రేకుల షెడ్డులో చీకటి మూల టార్పాలిన్ కింద ఉంది కారు. టార్పాలిన్ లాగగానే దుమ్ము, ఎలుకల కంపు. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఇనప జాలి బిగించి ఉంది. గుడ్డల బేళ్లు ముందుకు పడకుండా పెట్టించానన్నారు గణపతిరావుగారు. మా ఆయన అదేమీ వినిపించుకునే స్థితిలో లేడు. జేబులోంచి చిన్న సుత్తి తీసి కారు చుట్టూ కొట్టుకుంటూ తిరుగుతున్నాడు. రేకు గట్టిగా ఉన్నచోట టంగుమంటోంది, లప్పం పూసినచోట బొత్తిగా మోగడం లేదు. మోగిన ప్రతిసారీ నావైపు చూసి పళ్లికిలిస్తున్నాడు. బంగారం దొరికినవాడు కూడా అంత మురిసిపోడు.

"ఎనక కూకో మీనా. పెళ్లివోరు కూకునేది అక్కడే. సీటు ఎలాగుందో సెప్పు."

కూర్చుంటే గానీ వద్దనే హక్కు రాదేమోనని విసురుగా ఎక్కాను. గణపతిరావుగారే వచ్చి తలుపు వేశారు. చాలా నెమ్మదిగా వేశారు. బండి తాళాలు తెస్తానని ఇంట్లోకి వెళ్లారు.

లోపల వేడి. అద్దాల మీద దుమ్ము పేరుకుపోయి బయట ఏదీ సరిగా ఆనడం లేదు. మగ్గిన రెక్సిన్ వాసన, తడిసి ఆరిన పీచు వాసన. ఇంకా ఏదో వాసన ఉంది గానీ పోల్చుకోలేకపోయాను. చూడాల్సింది చూశానని, దిగిపోదామని తలుపు హ్యాండిల్ కోసం తడిమాను.

హ్యాండిల్ లేదు. అది ఉండాల్సిన చోట ఉత్త మర బొక్కలు. అద్దం దించే పిడి కూడా లేదు. అటువైపు తలుపు తడిమాను. అక్కడా లేవు. విరిగిపోలేదు. ఎవరో తీరిగ్గా, ఒక్కొక్క మరా విప్పి తీసేశారు.

అద్దం మీద కొట్టాను.

"మావా, తలుపు తియ్యి."

సుత్తి చప్పుడు ఆగింది. దుమ్ము అద్దానికి అవతల మా ఆయన మొహం కనపడింది. నవ్వుతున్నాడు.

"బాగుందా? నాను సెప్పినాను గదా."

"బాగోలేదు. తలుపు తియ్యి."

"అలగే అలగే. తీసుకుందాం."

తల తిప్పుకుని మళ్లీ సుత్తి అందుకున్నాడు. నేను రెండు చేతులతో అద్దం బాదాను. నేను బాదిన లెక్కనే అతనూ సరదాగా సుత్తితో రేకు మీద కొట్టాడు. ఆ క్షణంలో భయం లేదు నాకు. ఒళ్లంతా కోపమే. ఇన్నేళ్ల కోపం. అరిచాను. గొంతు చిట్లేలా అరిచాను. అతను తలూపుతూనే ఉన్నాడు.

అప్పుడు నా పక్కన సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవరో కూర్చున్నట్టు సీటు అటువైపు దిగింది. నేను కదలలేదు.

లవంగం వాసన... ఇందాక పోల్చుకోలేకపోయింది అదే.

"వినపడదమ్మా..."

చెవి పక్కనే. గుసగుస కూడా కాదు, ఒట్టి ఊపిరి. తల తిప్పాలనిపించింది. తిప్పలేకపోయాను.

"రైలు గేటు దగ్గర బండి ఆగింది... ఇలాగే కొట్టాను. లోపల ఎవరండీ అని అడిగారు జనం... బాగానే ఉందని ఆయనే చెప్పారు... గేటు తీశారు... తరవాత ఎండలో వదిలేసి పోయారు... అద్దాలు దిగలేదు..."

నా మోచేతి మీద ఏదో చల్లగా తగిలింది. ఆ వేడిలో అంత చల్లన ఎలా ఉంటుంది... చెయ్యి వెనక్కి లాక్కోలేదు నేను.

"అరిచి అరిచి నా గొంతు పోయింది. నీది మంచి గొంతమ్మా... ఒక్కసారి ఇస్తావా? ఆయనతో మాట్లాడాలి."

బయట నా మొగుడు టంగు టంగుమని కొట్టుకుంటున్నాడు. వినేవాడు లేని గొంతు నాకెందుకు అనిపించింది. నిజంగా అలాగే అనిపించింది.

తీసుకో, అన్నాను.

తలుపు తెరుచుకుంది. మా ఆయన తీశాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏటే, ఎప్పుడూ ఇంత నెమ్మదిగా మాటాడలేదు నువ్వు. సీటు బాగుంది, కొనేద్దాం అని ఎంత ముద్దుగా సెప్పినావు."

నేను దిగాను. గణపతిరావుగారు తాళాలు పట్టుకుని వస్తున్నారు. షెడ్డు రేకులు కొట్టుకోవడం మొదలైంది, గాలి లేచింది. కొనేదిలేదని చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"ఏవండీ. మీరొకసారి కూర్చోండి."

గొంతు నాదే. ఆ పిలుపు మాత్రం నేను నా జన్మలో ఎవరినీ పిలవలేదు. గణపతిరావుగారి చేతిలో తాళాలు గలగలమన్నాయి.

"లోపల హ్యాండిల్ ఎందుకు తీసేశారో చెప్పండి," అంది నా నోరు.

"పిల్లలు... పిల్లలు ఊరికే తలుపులు తీస్తుంటారని..."

"మనకు పిల్లలేరండీ?"

మా ఆయన అయోమయంగా నావైపు చూశాడు. గణపతిరావుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పారిపోతారనుకున్నాను. పారిపోలేదు. కూర్చోండి, అని మరోసారి నా గొంతు మెల్లగా చెప్పగానే, కొట్లో ఒకప్పుడు ఆవిడ మాట విన్నట్టే తల వంచుకుని ఎక్కి కూర్చున్నారు. తలుపు నేను వెయ్యలేదు. గాలి వేసింది.

వాన ఒక్కసారిగా రేకుల మీద పడింది. కరెంటు పోయింది. చీకటి... ఏమీ కనపడదు... వాన హోరు తప్ప ఏదీ వినపడదు...

మెరిసింది.

వెనక అద్దానికి రెండు అరచేతులు. వాటి మధ్య ఆయన మొహం. నోరు చెవులదాకా తెరిచి ఉంది. భుజం మీద మూడో చెయ్యి.

మళ్లీ చీకటి. ఆ చీకట్లోంచి గణపతిరావుగారి గొంతు వచ్చింది. ఎప్పటిలాగే మెత్తగా, తీరిగ్గా.

"సీటు బాగుంది. మీరు వెళ్లి రండి."

"ఇన్నావా, బాగుందంట," అన్నాడు మా ఆయన.

తలుపు తియ్యి మావా, అన్నాను. తియ్యమనే అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

"సరే, అలగే. ఎలిపోదాం పద."

నా చెయ్యి పట్టుకుని వానలోకి లాక్కుపోయాడు. ఆ చెయ్యి విడిపించుకునే బలం నాకుంది. విడిపించుకోలేదు.

తెల్లవారి లేచేసరికి నా గొంతు లేదు. గాలి తప్ప ఏమీ రావడం లేదు. డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు బాగానే ఉందన్నాడు. ఇంటికొచ్చి మా ఆయన స్నానం చేసి మంచి చొక్కా తొడుక్కున్నాడు. మలంచ వెళ్లి ఇల్లు అమ్మేవాళ్లతో మాట ఖాయం చేసుకుని వస్తానన్నాడు. నేను తెల్లబోయి చూశాను.

"అలా సూత్తావేటి? నిన్న తిరిగి వొచ్చినప్పుడు స్కూటరు మీద దారంతా సెప్పినావు గదా, కారొద్దు, ఇల్లే గావాల అని. ఇన్నాళ్లకి నీ మాట నా బుర్రకెక్కింది."

దారిలో నేను పెదవి విప్పలేదు.

అతను వెళ్లాక రిక్షా ఎక్కి గణపతిరావుగారి ఇంటికి వెళ్లాను. పట్టపగలు. వీధిలో చేపలమ్మే దీదీ కేకలు, ఆటోల రొద. షెడ్డుకు బయటనుంచి తాళం వేసి ఉంది. నిన్న ఆ తాళం మేం వెయ్యలేదు. రేకుకు చెవి ఆనించాను. లోపలనుంచి ఏ చప్పుడూ లేదు. ఇంటి తలుపు కూడా మూసి ఉంది. పిలవడానికి గొంతు లేదు గనక తలుపు తట్టాను. చాలాసేపు తట్టాను.

లోపల అడుగుల చప్పుడయింది. తలుపు సందులోంచి లవంగం వాసన వచ్చింది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. తలుపు తెరుచుకోలేదు.

"ఆయన వైజాగ్ వెళ్లారమ్మా. బాగానే ఉన్నారు."

ఆ గొంతు నాది.