నలభై బంతుల పిల్ల

హలో, వినపడుతోందా అందరికీ? ఆ, కట్ చేయొద్దండి, పది నిమిషాల కథ. ఇప్పటిది కాదు, ఇంకో అరవై ఏళ్ళ తర్వాతది. అప్పటికి మనమెవరమూ ఉండం కాబట్టి ధైర్యంగా చెప్పేస్తున్నా. వినండి.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే బస్సు చెన్నేకొత్తపల్లి దాటగానే ఆగింది. డ్రైవరు మణికట్టు మీది అలుపుపట్టీ మూడుసార్లు అదిరింది. ఆయన మారు మాట్లాడకుండా దిగి, రోడ్డు పక్కనున్న విశ్రాంతి గదిలోకి పోయాడు. గదిలోంచి ఇంకో డ్రైవరు వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. బస్సులో ఎవరూ విసుక్కోలేదు. మగ్గం నేసేవాళ్ళయినా, బడిపంతుళ్ళయినా, పెళ్ళివంటవాళ్ళయినా అంతే. పట్టీ అదిరితే ఆపాల్సిందే, చట్టం అది. మనిషికి అలుపు పుట్టకముందే దాని గుర్తును నెత్తుటిలో పసిగట్టి ఆపేస్తుంది పట్టీ. ఆ చట్టం వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. పిల్లలకు మూడో ఏట పట్టీ కట్టేవారు.

కిటికీ పక్కన కుళ్ళాయమ్మ కూర్చుని ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. ధర్మవరం ఆడవాళ్ళ బేస్‌బాల్ జట్టులో బంతి పట్టేది ఆమే. క్రికెట్‌లో వికెట్ కీపర్ అనుకోండి. బౌలర్ లాగా బంతి విసిరే పిల్ల తిప్పేశ్వరి, ఇరవై రెండేళ్ళది. జిల్లాలో ఆ పిల్ల బంతి లాంటిది ఇంకొకటి లేదు. కానీ నలభై బంతులు విసిరేసరికి పట్టీ అదిరేది, పిల్ల పోయి కుర్చీలో కూర్చునేది. ఆ పైన మూడు ఆటలు విశ్రాంతి.

"ఏం కుళ్ళాయమ్మా, ఈ పొద్దు ఫైనల్ కదా. ఆ పిల్లను ఆడనిస్తారా, మళ్ళా కుర్చీకి అతికిస్తారా?" అని అడిగింది వెనక సీట్లో పూలగంప పెట్టుకున్న ఆమె.

"కూర్చోబెట్టేదే మేలు," అన్నాడు పక్కనున్న ముసలాయన. "పెండ్లిపట్టుచీర బీరువాలో పెడతారా, దినామూ కట్టుకోని కసువు చిమ్ముతారా?"

"బీరువాలోనే పెడితే మడతల కాడ చీలిపోతాది మామా. ధర్మవరంలో పుట్టినావు, అదీ తెలీదా?" అంది పూలగంప ఆమె.

బస్సంతా నవ్వింది. కుళ్ళాయమ్మ నవ్వలేదు. ఆమెకు రత్నాబాయి గుర్తుకొచ్చింది.

రత్నాబాయి ఆమె ఈడుదే. పట్టీలు రాకముందు జట్టుకు బంతి విసిరింది. ఒక ఆటలో భుజం పట్టుకుని, "చాలు కుళ్ళాయీ" అంటే, "ఇంకొక్కటి వేయే" అంది కుళ్ళాయమ్మ. ఆ ఒక్కటితో భుజం తెగింది. ఈనాటికీ రత్నాబాయికి కుడిచెయ్యి నెత్తిదాకా లేవదు. తల ఎవరైనా దువ్వాలి. అందుకే ఎవరేమన్నా కుళ్ళాయమ్మ ఓటు ఎప్పుడూ పట్టీకే.

మైదానంలో బట్టలు మార్చుకునే గదికి పోయేసరికి అక్కడా అదే రచ్చ. కోచ్ అక్కులప్ప తల పట్టుకుని కూర్చున్నాడు. విశ్రాంతి అధికారి భరణి చేతిలో, ఆట ఆపమనే విరామపత్రం ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మాట మెత్తన, లెక్క గట్టి.

"మొన్ననే నలభై వేసింది సార్. ఈ రోజు యాభై దాటితే భుజం దెబ్బతినే ప్రమాదం నూటికి పదకొండు. పట్టీ సలహా విశ్రాంతే."

"ఫైనల్‌కు మినహాయింపు ఉండాది కదా మేడం. సంతకం పెట్టి పట్టీ విప్పొచ్చు," అంది తిప్పేశ్వరి.

"విప్పొచ్చు. కానీ ఒకసారి విప్పితే మళ్ళీ నీ ఒళ్ళు చదవడానికి దానికి ఒక పూట పడుతుంది. మధ్యలో ఏమైనా అయితే నేను చెప్పలేను."

"వద్దు పాపా," అంది కుళ్ళాయమ్మ. "కప్పు ఇంకో ఏడు వస్తాది. చెయ్యి రాదు."

"అక్కా, నేనెప్పుడన్నా ఒక ఆట మొదట్నుంచి కడదాకా ఆడినానా? ఊరంతా నన్ను గొప్పది అంటారు. నలభై బంతుల గొప్ప! నలభై ఒకటోది ఎట్లుంటాదో నాకే తెలీదు."

 ఆఖరికి అక్కులప్ప తల పైకెత్తాడు. "సంతకం పెట్టనీలే. కుళ్ళాయమ్మా, బంతి పట్టేదానివి నువ్వు. మిషను లేకపోతే నీ అరచెయ్యే మిషను. నువ్వు ఆపమంటే ఆపేస్తా. నువ్వు ఆడమంటే ఆడిస్తా."

ఏ బరువునైతే పంతొమ్మిదేళ్ళుగా పట్టీ మీదికి నెట్టేసి హాయిగా ఉందో, అది తిరిగొచ్చి కుళ్ళాయమ్మ నెత్తిన కూర్చుంది.

తిప్పేశ్వరి సంతకం పెట్టి పట్టీ విప్పింది. ఆట మొదలైంది. అవతల గుంతకల్లు జట్టు. నలభై దాటింది, అరవై దాటింది. బంతి వచ్చి పడుతుంటే చేతితొడుగు లోపల కుళ్ళాయమ్మ అరచెయ్యి మండుతోంది. బాగా మండుతోందంటే బంతి వేగం తగ్గలేదు, అందుకే ఆమెకు ధైర్యంగా ఉంది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడు అయ్యేసరికి ధర్మవరం రెండు, గుంతకల్లు ఒకటి.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గుంతకల్లు వాళ్ళు ఇద్దరు అవుటయ్యారు. గుంతకల్లు పిల్ల ఒకతె మొదటి బేస్ చేరుకుంది. తొంభై మూడో బంతి వేశాక తిప్పేశ్వరి ఉన్నచోటే కూలబడింది. మొహం తెల్లగా పాలిపోయింది. కుళ్ళాయమ్మ పరుగెత్తింది. అక్కులప్ప, భరణి కూడా వచ్చారు.

"చెయ్యి పోయిందక్కా," అంది పిల్ల వణుకుతూ. "అయిపోయింది నా పని."

కుళ్ళాయమ్మ వంగి అడిగింది. "యాడ నొప్పి? సూదితో పొడిచినట్లుందా?"

"నొప్పి లేదు. బరువు. నిండుబిందె తగిలించినట్లుండాది. కాళ్ళు కూడా అట్లే. కండ్లు మూసుకోని ఈడే పడుకోవాలని ఉండాది. ఎందుకో ఏడుపొస్తాంది. నేను చచ్చిపోతానా అక్కా?"

కుళ్ళాయమ్మ భరణి వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి. ఇది దెబ్బనా, ఉత్త అలుపా?"

భరణి చేతిలోని పత్రం చూసుకుంది. "లెక్కలైతే తెలుసు. లోపల ఎలా ఉంటుందో నాకు తెలీదు అక్కా. గుర్తున్నంతలో నాకూ ఎప్పుడూ రాలేదు."

చుట్టూ చూసింది కుళ్ళాయమ్మ. తన జట్టులో మిగతా ఏడుగురు, బేస్ మీదున్న గుంతకల్లు పిల్ల, అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. పాతికేళ్ళ లోపు వాళ్ళే అందరూ. వాళ్ళలో ఒక్కరికీ అలుపంటే ఏంటో తెలీదు.

"చెయ్యి ఎత్తు," అంది.

"ఎత్తలేను."

"ఎత్తు పాపా. నెత్తి మీద పెట్టుకో. దువ్వుకుంటావే, అట్ల."

చెయ్యి మెల్లగా లేచింది. భుజం దాటింది. చెవి దాటింది. వేళ్ళు పాపటను తాకాయి. కుళ్ళాయమ్మ రెండు చేతులతో ఆ భుజం ఒత్తి చూసింది. ఎక్కడా పిల్ల ఉలిక్కిపడలేదు. అప్పుడు ఆమె కూడా మట్టిలో చతికిలబడి, కండ్లల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"అలిసిపోయినావే పిచ్చిదానా! అంతే. దీన్నే అలుపంటారు."

"ఇదా?"

"ఇదే. సంగటి తింటావు, చాప మీద పడతావు, పొద్దున లేస్తావు."

"మరి ఇది ఉన్నా ఆడొచ్చా?"

కుళ్ళాయమ్మ నోట "ఇంకొక్కటి" అనే ఆ పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "ఆడొచ్చు. మేమంతా దీంతోనే ఆడినాము. కానీ నేను వెయ్యమని చెప్పను. ఆపమనీ చెప్పను. నీ ఒళ్ళు నీకు చెప్తాండాది, ఈ పొద్దు మొదటిసారి. దాన్నే అడుగు."

తిప్పేశ్వరి కండ్లు మూసుకుని కాసేపు అట్లే కూర్చుంది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. మన అమ్మలు పనికి లేచినట్టు, "అమ్మా" అంటూ లేచింది. ఆ మూలుగు కూడా ఆ పిల్లకు కొత్తే.

తొంభై నాలుగో బంతి నిదానంగా వచ్చింది. తొంభై ఐదు ఇంకా నిదానం. మూడోదాన్ని బ్యాటు పట్టిన గుంతకల్లు పిల్ల కంచె అవతలికి కొట్టింది. ఆమె, బేస్ మీదున్న పిల్ల ఇద్దరూ చుట్టి రాగా రెండు పరుగులు వచ్చాయి. ఆట తిరగబడింది. అక్కులప్ప లేచి చెయ్యి ఊపబోయాడు. తిప్పేశ్వరి తల అడ్డంగా ఆడించింది. ఆ ఇన్నింగ్సూ, తొమ్మిదోదీ ఆమే విసిరింది. ధర్మవరం ఇంకో పరుగు చేయలేకపోయింది. మూడు రెండుతో ఓడిపోయారు. కప్పు గుంతకల్లు పోయింది.

అరుగు మీద తిప్పేశ్వరి కాళ్ళు బారజాపి కూర్చుంది. జుట్టు నిండా మట్టి. ఏడుస్తుందేమో అని అందరూ దూరంగా నిలబడ్డారు.

"కూలబడినప్పుడే కూర్చోబెట్టి ఉంటే కప్పు మనదే," అని గొణిగాడు అక్కులప్ప. అది నిజమే కావచ్చు. 

భరణి పట్టీ తెచ్చి పక్కన కూర్చుంది. "చెయ్యి ఇలా ఇవ్వు. కట్టేస్తే గంటలో తేలికైపోతుంది. నీ ఒళ్ళు చదవడానికి పూట పట్టినా, అలుపు తీసే మందు వెంటనే వదులుతుంది."

తిప్పేశ్వరి చెయ్యి వెనక్కు తీసుకుని ఒళ్ళో దాచుకుంది.

"అక్కా, ఇది రేపు పొద్దునకు ఉంటాదా?"

"సగం ఉంటాది," అంది కుళ్ళాయమ్మ.

"అయితే రేపు కడుదువులే మేడం. ఈ రేత్రికి ఉండనీ. ఇన్నేండ్లలో నేను సొంతంగా సంపాదించుకున్నది ఇదొక్కటే."

భరణి పట్టీని సంచిలో పెట్టుకుంది. లేచి పోలేదు. కాసేపు తన మణికట్టు మీది పట్టీ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంతేనండి కథ. మీకు తెలిసినవాళ్ళలో ఇప్పుడే పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, "అమ్మా" అంటూ కూలబడినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. ముందు వాళ్ళకు పంపండి. వాళ్ళు విన్నాక ఇంకొకరికి పంపుతారు.